ఆరోగ్య పాఠం: డిస్కు ఆపరేషన్ తర్వాత నొప్పిని దాచుకోకండి



చిన్న గాటుతో నడుము డిస్కు ఆపరేషన్ చేయించుకున్నవారు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతారు. "సిస్టరమ్మా, చిన్న ఆపరేషనే అన్నారు గదా, మరి ఈ నొప్పి ఎందుకు?" అడిగినవారికి మేము జవాబు చెప్పగలం. కొందరు అడగరు. పళ్ల బిగువున ఓర్చుకుంటారు. మాకు ఎక్కువ దిగులు వారి గురించే. ఈ పాఠం ఇద్దరి కోసమూ రాస్తున్నాం.

దిండు కింద మాత్రలు

కొన్నేళ్ల క్రితం పల్లెనుండి వచ్చిన ఒక సహోదరి మా వార్డులో ఉండేది. వయసు నలభై దాటింది. ఆరు నెలలుగా పిర్రనుండి పిక్క దాకా కాలు లాగుతూ, వంగి నాటు వేయలేక, రాత్రిళ్లు నిద్రలేక బాధపడింది. ఆపరేషన్ బాగా జరిగింది. మరునాడు ఉదయం మా నర్సు మంచం దగ్గర నిలబడి "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగింది. "ఏం లేదమ్మా, దేవుని దయవల్ల బాగానే ఉంది" అన్నది. అప్పుడు ఆమె మామగారు, బావగారు పక్కనే ఉన్నారు. మధ్యాహ్నం అదే ప్రశ్న, అదే జవాబు. చార్టులో "నొప్పి లేదు" అని రాసుకున్నాం.

రాత్రి డ్యూటీ నర్సు దుప్పటి సర్దుతుండగా దిండు కింద నాలుగు మాత్రలు కనిపించాయి. చెయ్యి వేసి చూస్తే పొత్తికడుపు ఉబ్బి గట్టిగా ఉంది. మధ్యాహ్నం నుండి ఆమె ఒంటికి వెళ్లలేదు. లేవబోతే నడుము పట్టేస్తోంది. నొప్పి అని చెబితే విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనని ఊరుకుంది. ప్రార్థన చేయించుకున్నాక మళ్లీ మాత్ర ఎందుకని దాచింది. మగవారి ముందు ఒంటికి సంగతి చెప్పడానికి సిగ్గుపడింది.

డాక్టరు గారు వెంటనే వచ్చి కాళ్ల బలం, స్పర్శ పరీక్షించి, మూత్రానికి గొట్టం వేయించారు. దేవుని కృపవలన నరం ఎక్కడా నొక్కుకుపోలేదు. మత్తుమందు ప్రభావం, నొప్పి, కదలకపోవడం మూడూ కలిసి మూత్రం ఆగింది. రెండు రోజుల్లో సర్దుకుంది. అదే నరం నొక్కుడు అయి ఉంటే, పోయిన ఆ గంటలు ఆమెకు జీవితాంతం కష్టం తెచ్చి ఉండేవి.

అందులో తప్పు ఆమెది కాదు, మాది. అందరి ముందు అడిగాం. ఉందా లేదా అని మాత్రమే అడిగాం. మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోయాం, మింగేదాకా నిలబడలేదు. అప్పటినుండి మేము బంధువులను కాసేపు బయటికి పంపి అడుగుతున్నాం. "సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. ఇప్పుడు ఎంత? లేచి నడిస్తే ఎంత? చివరిసారి ఒంటికి ఎప్పుడు వెళ్లారు?" లెక్క తెలియదనే పెద్దవారిని "రూపాయిలో ఎంత తగ్గింది? పావలా తగ్గిందా, అర్ధరూపాయి తగ్గిందా?" అని అడుగుతాం. అలా అడిగితే అందరూ చెబుతారు.

గాటు చిన్నదే, లోపల పని ఉంది

మన నడుములో 5 పూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండులాంటిదే డిస్కు. దానికి బయట గట్టి నారల పొర, లోపల గుజ్జు ఉంటాయి. పొర చిరిగి గుజ్జు బయటికి జారితే పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. ఇది ఎక్కువగా 4, 5 పూసల మధ్య గాని, 5వ పూసకూ దాని కింది ఎముకకూ మధ్య గాని జరుగుతుంది. అందుకే జబ్బు నడుములో ఉన్నా బాధ కాలిలో తెలుస్తుంది.

డిస్కు జారిన ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. చాలామందికి కొన్ని వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గిపోతుంది. తగ్గనివారికి, కాలి బలం తగ్గుతున్నవారికి ఆపరేషన్ చెబుతారు. జారిన డిస్కే కాలి నొప్పికి కారణమని, ఆపరేషన్‌తో దాన్ని తీయవచ్చని 1934లో అమెరికాలో మిక్‌స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు ప్రచురించారు. 1977లో యాసర్గిల్, కాస్పర్ అనే వైద్యులు మైక్రోస్కోపు సాయంతో చిన్న గాటుతో చేసే పద్ధతిని వివరించారు. ఇప్పుడు ఆ పద్ధతిలో గాటు సుమారు 2, 3 సెంటీమీటర్లు ఉంటుంది. ఎండోస్కోపుతో చేస్తే 1 సెంటీమీటరు లోపే సరిపోతుంది. డిస్కు అంతా తీసివేయరు, నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తీస్తారు.

అయినా లోపల కండను పక్కకు జరపాలి. అవసరమైతే కొద్దిగా ఎముకను తొలచాలి. నరాన్ని మెల్లగా పక్కకు తొలగించాలి. పైన కుట్టు చిన్నదైనా లోపల మానవలసినది ఉందని గుర్తుంచుకోండి.

ఏ నొప్పి ఎన్నాళ్లు?

1. గాటు నొప్పి. కుట్టు దగ్గర, దాని చుట్టూ కండలో సలుపుతుంది. కొందరికి నడుము కండ పట్టేసినట్టు అవుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి, ఒకటి రెండు వారాల్లో బాగా తగ్గుతుంది.

2. కాలి నొప్పి. చాలామందికి మత్తు దిగేసరికే పాత లాగుడు పోయి ఉంటుంది. కొందరికి మూడో రోజో నాలుగో రోజో మళ్లీ కొంచెం వస్తుంది. "ఆపరేషన్ ఫెయిలైంది" అని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఆపరేషన్ జరిగిన చోట వాపు వచ్చి నరానికి తగలడం వల్ల ఇలా జరుగుతుంది. అది పాత నొప్పి అంత తీవ్రంగా ఉండదు, వచ్చి పోతూ ఉంటుంది. వాపు తీస్తున్నకొద్దీ కొన్ని వారాల్లో తగ్గుతుంది.

3. తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుని లేస్తే కాలు జివ్వుమంటుంది గదా! నెలల తరబడి నొక్కుడు పడిన నరం కోలుకునేటప్పుడు అలాగే ఉంటుంది. సాధారణంగా ముందు నొప్పి పోతుంది, తర్వాత బలం వస్తుంది, అన్నిటికంటే చివర తిమ్మిరి పోతుంది. దీనికి నెలలు పట్టవచ్చు. చాలాకాలం నొక్కుడు పడిన నరమైతే కొంత తిమ్మిరి మిగిలిపోవచ్చు కూడా.

మాత్రలు ఎందుకు వేసుకోవాలి?

నొప్పి మాత్ర పడుకోబెట్టడానికి కాదు, లేచి నడవడానికి. నొప్పితో బిగుసుకుని పడుకుంటే కండ పట్టేస్తుంది, మలబద్ధకం వస్తుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. సున్నా నొప్పి కోసం ఎదురు చూడవద్దు. లేచి నడవగలిగేంత, రాత్రి నిద్రపోగలిగేంత తగ్గితే చాలు.

మొదటి కొద్ది రోజులు నొప్పి ముదిరేదాకా ఆగకుండా, రాసిచ్చిన వేళకు వేసుకోండి. నడకకు, స్నానానికి అరగంట నుండి గంట ముందు వేసుకుంటే పని సులువవుతుంది. మాత్ర వేసుకున్న వేళ, నొప్పి అంకె ఒక కాగితం మీద రాసుకోండి. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు అది తీసుకురండి.

పారాసెటమాల్: డాక్టరు రాసిచ్చిన మోతాదే వేసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికైనా 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువగా ఉన్నవారికి, కాలేయం జబ్బు ఉన్నవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి ఇంకా తక్కువ. డోలో, కాల్‌పాల్, క్రోసిన్ వేర్వేరు పేర్లు గాని లోపల ఉన్న మందు పారాసెటమాలే. జలుబు మాత్రల్లోనూ, కొన్ని ట్రమడాల్ మాత్రల్లోనూ అది కలిసి ఉంటుంది. తెలియకుండా రెండింతలు వేసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్: భోజనం తర్వాతే వేసుకోవాలి. వీటిలో రెండు ఒకేసారి వాడకూడదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, రక్తం పలచబరిచే మందు వాడేవారు ముందే చెప్పాలి. బీపీ మాత్రలు వాడుతున్నా చెప్పండి.

ట్రమడాల్: నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి రోజులకు మాత్రమే. వికారం, తల తిరగడం, మలబద్ధకం రావచ్చు. మూర్ఛ జబ్బు ఉన్నవారు తప్పక చెప్పాలి. మద్యంతో కలిస్తే ప్రమాదం. ఎక్కువకాలం వాడితే అలవాటు పడతారు. చీటీ లేకుండా మళ్లీ మళ్లీ కొనకండి.

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్: నరం నొప్పికి కొందరికి రాస్తారు. మగతగా ఉంటుంది. మంచం దిగేటప్పుడు జాగ్రత్త. నొప్పి తగ్గింది గదా అని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

తగ్గుతున్నకొద్దీ మామూలుగా బలమైన మాత్ర ముందు ఆపుతాం, పారాసెటమాల్ చివర ఆపుతాం. ఊళ్లో పొట్లం కట్టి ఇచ్చే పేరులేని మాత్రలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు పెరుగుతుంది, గాయంలో చీము పట్టినా బయటికి తెలియకుండా పోతుంది.

మాత్ర కాక మన చేతిలో ఉన్నవి

లేవడం: వెల్లకిలా పడుకుని ఒక్కసారిగా లేవకండి. మోకాళ్లు ముడిచి, భుజాలు, నడుము, మోకాళ్లు అన్నీ కలిపి దుంగ దొర్లినట్టు పక్కకు తిరగండి. కాళ్లు మంచం కిందికి దించుతూ చేతులతో తోసుకుని లేవండి. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. కిందికి కుంగిపోయే నులక మంచం కొన్నాళ్లు వద్దు.

నడక: డాక్టరు అనుమతిస్తే ఆపరేషన్ రోజునే గాని మరునాడు గాని నడిపిస్తాం. ఇంట్లో 5 నుండి 10 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు మొదలుపెట్టి, మెల్లగా పెంచండి. ఒకేసారి మైలు నడిచి మూడు రోజులు పడుకోవడం కంటే ఇదే మేలు.

కూర్చోవడం: కూర్చుంటే డిస్కు మీద ఒత్తిడి పెరుగుతుంది. మొదటి రోజుల్లో ఒకసారికి 15, 20 నిమిషాలు చాలు. వీపుకు ఆనుడు ఉన్న గట్టి కుర్చీలో కూర్చోండి. నేలమీద కూర్చుని భోంచేయడం, గొంతుక్కూర్చోవడం వద్దు. మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోండి.

ఐసు, వేడి: ఐసు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, పైన పొడి గుడ్డ చుట్టి, గాటు తడవకుండా పక్క కండ మీద 10, 15 నిమిషాలు పెట్టవచ్చు. తిమ్మిరి ఉన్న కాలికి వేడినీళ్ల సంచి పెట్టకండి. కాలినా తెలియదు.

విరేచనం: ముక్కితే నడుములో పోటు వస్తుంది. నీళ్లు బాగా తాగండి (గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమన్నవారు ఆ లెక్కే పాటించాలి). ఆకుకూరలు, జామ, బొప్పాయి తినండి. రెండు రోజులు విరేచనం కాకపోతే మాకు చెప్పండి. పప్పు తింటే చీము పడుతుందని పత్యం పెట్టకండి. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పాలు, చేప కావాలి. షుగరు ఉన్నవారు దాన్ని అదుపులో ఉంచుకోవాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు గాయాన్నీ డిస్కునూ మాననివ్వవు.

చేయకూడనివి

వంగడం, బరువెత్తడం, నడుము మెలితిప్పడం, ఈ మూడూ సుమారు 6 వారాలు, లేదా మీ డాక్టరు చెప్పినంతకాలం మానాలి. రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దు. నీళ్లు నిండిన బిందె పది కిలోలు దాటుతుంది. చంటిబిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోకుండా ఉండడం తల్లికి కష్టమే. మీరు కుర్చీలో కూర్చోండి, వేరొకరు బిడ్డను తెచ్చి ఒడిలో పెడతారు. మోటారు సైకిలు, గతుకుల రోడ్డు మీద ఆటో మానండి. బస్సు తప్పనిసరైతే వెనుక సీటు వద్దు.

నడుము తొక్కించుకోవడం, తైలం పెట్టి గట్టిగా పట్టించుకోవడం, ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుము మీద తన్నించుకోవడం ఇంకా మన ఊళ్లలో ఉన్నాయి. ఆపరేషన్ అయిన నడుముకు ఇవి ఎంతమాత్రం పనికిరావు. ఈ ఆపరేషన్ తర్వాత నూటికి 5 నుండి 10 మందికి అదే డిస్కు మళ్లీ జారే అవకాశం ఉంది. మన అజాగ్రత్త దానికి తోడు కాకూడదు.

ఆదివారం ఆరాధనకు రావాలని ఆశపడేవారికి ఒక మాట. రెండు గంటలు చాపమీద కూర్చోవద్దు. చివర కుర్చీ వేయించుకోండి, పాటలప్పుడు లేచి నిలబడండి, మధ్యలో నాలుగడుగులు నడవండి. కొన్నాళ్లు మోకాళ్లూనకుండా నిలబడి ప్రార్థించినా దేవుడు వింటాడు.

ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు

1. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. విరేచనం మీద అదుపు తప్పడం. మర్మాంగాల దగ్గర, కూర్చునే చోట, తొడల లోపలి వైపు స్పర్శ పోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గంటలోనే బయలుదేరాలి. ఆపరేషన్ రోజున వార్డులో ఆరేడు గంటలు ఒంటికి వెళ్లకపోతే నర్సుకు చెప్పాలి.
2. కాలి బలం కొత్తగా తగ్గడం. నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోవడం, బొటనవేలు నేలకు తగలడం దీని గుర్తులు.
3. జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, గాటు ఎర్రబడి చీము కారడం.
4. గాటునుండి నీళ్లలాంటి ద్రవం కారడం. లేచి కూర్చుంటే తలనొప్పి రావడం, పడుకుంటే తగ్గడం.
5. ఒక పిక్క వాచి, నొక్కితే నొప్పి పుట్టడం. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి.
6. బాగా తగ్గిన నడుము నొప్పి రెండు మూడు వారాల తర్వాత తిరగబెట్టి, రాత్రిళ్లు నిద్రపోనివ్వకపోవడం. లోపల డిస్కులో ఇన్‌ఫెక్షన్ కావచ్చు.
7. పాత కాలి నొప్పి ఒక్కసారిగా మునుపటంత తీవ్రంగా రావడం.

ఇంటివారికి ఒక మాట

మంచి సమరయుని సంగతి మనందరికీ తెలుసు. అతడు దారిలో గాయాలు కట్టి అంతటితో వెళ్లిపోలేదు. పూటకూళ్ల ఇంటికి తీసుకువెళ్లి, మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఇతనిని చూసుకోమని అప్పగించాడు. గాయం కట్టడం కొద్దిసేపటి పని. తర్వాత చూసుకోవడం రోజుల పని. ఆపరేషన్ కూడా గంటో రెండు గంటలో. తర్వాతి ఆరు వారాలు మీ ఇల్లే ఆ పూటకూళ్ల ఇల్లు.

కాబట్టి బిందె మీరు మోయండి. ఇల్లు మీరు ఊడ్చండి. "చిన్న ఆపరేషనే గదా, ఇంకా మూలుగుతావేం" అని అనకండి. ఆ ఒక్క మాటతో మళ్లీ నోరు విప్పరు. కోడలిని అత్తగారు, తండ్రిని కొడుకు పక్కకు పిలిచి అడగండి. నొప్పి ఎంత, మాత్ర వేసుకున్నారా, ఒంటికి రెంటికి వెళ్లారా అని అడగండి. పరామర్శకు వచ్చే స్త్రీల సమాజం సహోదరీలు కూడా ప్రార్థించాక ఈ మూడు ప్రశ్నలు అడిగితే మాకు పెద్ద సహాయం.

మాత్ర వేసుకోవడం విశ్వాసం తక్కువై కాదు. పౌలుతో కూడ ఉన్న లూకా వైద్యుడే. ప్రార్థనా మందూ మన ఆసుపత్రిలో మొదటినుండి కలిసే నడుస్తున్నాయి.

పైన చెప్పిన సహోదరి ఆరు వారాలకు చూపించుకోవడానికి వచ్చినప్పుడు మేము నోరు తెరవకముందే చెప్పింది. "నడిస్తే రెండు, కూర్చుంటే మూడు, పడుకుంటే సున్నా సిస్టరమ్మా." మీరు కూడా అలాగే చెప్పండి.

ఇంట్లో చదువుకుని మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో నొప్పిని దాచుకునేవారు ఎవరు? ఎందుకు దాచుకుంటున్నారు?
2. తిమ్మిరి మిగతావాటికంటే ఆలస్యంగా ఎందుకు పోతుంది?
3. ఏ గుర్తులు కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి?

మీ మందుల మోతాదు, విశ్రాంతి ఎన్నాళ్లు అన్నది మీ డాక్టరు చెప్పినదే పాటించండి. సందేహముంటే డిశ్చార్జి కాగితం మీద ఉన్న వార్డు నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయండి. రాత్రి కూడా మా నర్సులు మేలుకునే ఉంటారు.

ప్రభువు మీకు మంచి ఆరోగ్యం దయచేయును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్